గడప లోపలి బడి

వినినంతనే ధైర్యము కలిగించి, విచారించినకొలది మన తప్పును మనకే కనబడకుండ చేయు మాటలు కొన్ని కలవు. 2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి దేశమును చుట్టుముట్టి బడుల తలుపులు మూయించినప్పుడు అట్టి మాట యొకటి పుట్టెను. "బడి మూతపడినను చదువు ఆగలేదు" అనునదే ఆ మాట. ప్రభుత్వములు తమ ప్రకటనలలో దీనిని పలికినవి. ఉపాధ్యాయులమైన మేము పైయధికారులకు పంపిన పట్టికలలో దీనినే అంకెలుగా మార్చి వ్రాసితిమి. చదువుకొన్న గృహస్థులు తమ బిడ్డల చేతికి ఫోను నిచ్చి, ఈ మాటతోనే మనస్సును సమాధానపఱచుకొనిరి. ఈ మాట అబద్ధమని నే ననుచున్నాను. ఆపద గడచిన పిమ్మటను మనలను విడువక, రేపటి బడికే ఎసరు పెట్టుచున్న అబద్ధమని చెప్పుటకే ఈ వ్యాసము.

బడులు మూయుటయే తప్పని నేను వాదించుట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11వ తేదీన ఈ వ్యాధిని మహమ్మారి యని పేర్కొనెను. ఆ నెల 25 నుండి దేశమంతటను లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. అప్పటికి టీకా లేదు. వ్యాధి నడక వైద్యులకే పూర్తిగా అంతుపట్టలేదు. అట్టి వేళ నలుబదిమంది పిల్లలను ఒక గదిలో కూర్చుండబెట్టుట వివేకము కాదు. టెలివిజనులో పాఠములు చెప్పిన ఉపాధ్యాయులను కూడ నేను నిందింపను. ఎదుట ఒక్క పిల్లవాడైనను లేని గదిలో, ఉన్నట్లు భావించుకొని, వారు ప్రాణము పెట్టి పాఠములు చెప్పిరి. వఱద వచ్చినపుడు తెప్ప కట్టుకొని దాటుట తప్పు కాదు. ఆ తెప్పనే వంతెన యనుకొనుట తప్పు. వంతెన కట్టితిమని దస్త్రములలో వ్రాసికొనుట అంతకన్న పెద్ద తప్పు. మనము చేసినది ఈ మూడవ పని.

నేను పనిచేయునది తెలంగాణములో, ఖమ్మము జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. కావున కన్నులార చూచిన సంగతియే చెప్పెదను. 2020 మార్చి నడుమ బడులు మూతపడెను. పదవ తరగతి పరీక్షలు మొదలై, నడుమనే నిలిచిపోయి, తుదకు రద్దయ్యెను. వ్రాయని పరీక్షలో అందఱును ఉత్తీర్ణులైరి. సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళలో 3వ తరగతి మొదలు 10వ తరగతి వఱకు పాఠములు ప్రసారమయ్యెను. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకును, ఆ నెల చివర ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులకును బడి తెఱచిరి. మార్చి 24న మఱల మూసిరి. చిన్న తరగతులతో సహా బడి తెఱచినది సెప్టెంబరు 1న. లెక్క వేసి చూడుడు: ప్రాథమిక తరగతుల బిడ్డ ఇంచుమించు ఏడాదిన్నర కాలము బడి గడప త్రొక్కలేదు. 2020లో మొదలైన ఆ ప్రసారములలో ఒకటి, రెండు తరగతులకు చోటే లేదు. అక్షరములు దిద్దవలసిన వయస్సు వారిది. ఆంధ్రప్రదేశమున తేదీలు వేఱు, ఛానలు సప్తగిరి. కథ మాత్రము ఇదియే.

ఈ టెలివిజను పాఠములతో పాటు ఉపాధ్యాయులకు క్రొత్త పని యొకటి వచ్చెను. ఎవరికి అప్పగించిన పిల్లల ఇండ్లకు వారు ఫోను చేసి, "నేడు పాఠము చూచెనా?" అని విచారించి, పట్టికలో వ్రాసి పైకి పంపవలెను. నా పట్టికలో రెండు గడులుండెను: చూచినవారు, చూడనివారు. తెలిసికొన్నవారు అను గడి లేదు. ప్రశ్న అడిగినవారు అను గడి అంతకంటెను లేదు. మొదటి దినములలో "చూడనివారు" అను గడిలో అంకె పెద్దదిగా వ్రాసి పంపితిని. తక్కువ చూపిన బడులు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చునను మాట చెవిని పడినది. తరువాత తరువాత ఆ అంకె దానంతట అదియే చిన్నదయ్యెను. ఎవరును నాతో అబద్ధము వ్రాయుమని చెప్పలేదు. ఎవరును నిజము వ్రాయుమనియు చెప్పలేదు. ఈ వ్యాసములో నేను నిందించువారి వరుసలో మొదటివాడను నేనే యని చదువరులు గ్రహింతురు గాక.

నాకు అప్పగించిన పిల్లలలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఉండెను. చురుకైనది. తెలుగు వాచకమును తడబడక చదువును. ఆంగ్లమున క్రొత్తపదము వినినచో దాని అర్థమును అడుగక విడువదు. నాలుగు నెలలకు పైగా ఆమె పేరిట నేను "చూచెను" అని వ్రాసితిని. ఫోను చేసినపుడెల్ల తండ్రి "ఆఁ సారూ, చూస్తున్నది" అనుచుండెను. 2021 ఫిబ్రవరి చివర ఎనిమిదవ తరగతికి బడి తెఱచినపుడు ఆమె రాలేదు. వారము చూచి, ఒక సాయంకాలము వారి యింటికి పోయితిని. తల్లి వాకిట చీపురు ప్రక్కన పెట్టి చెప్పిన మాటలు ఇప్పటికిని నా చెవిలో ఉన్నవి: "టీవీ చెడిపోయి ఏడాదాయె సారూ. ఫోను వాళ్ళ నాయన జేబులుంటది, ఆయన పొద్దున పోతే రాత్రికే వచ్చేది. మీరడిగితే లేదనాలంటే మాకు భయం, పిల్ల పేరు కొట్టేస్తరేమోనని."

నేను పైవారికి వెఱచితిని. వారు నాకు వెఱచిరి. ఈ రెండు భయములు ఫోనులో కలిసికొని "చూచెను" అను అబద్ధమును కనినవి. ఆ బిడ్డ పాఠము చూడలేదని తెలిసినవారు ఆ యింటనే ఉండిరి. తెలియవలసినవారి బల్లమీద మాత్రము చదువు సాగుచునే యుండెను.

కొంతసేపటికి ఆ బాలిక మిరపచేని నుండి తిరిగి వచ్చెను. మాకు అది కోతల కాలము. కాయలు త్రెంపి త్రెంపి మంటలెత్తిన చేతులను కడవలో ముంచి, చున్నీతో తుడుచుకొని, తల వంచి నిలిచెను. ఎట్లున్నావమ్మా యంటిని. దానికి బదులు చెప్పక, "సారూ, నేను తొమ్మిదికి పాసైతనా?" అని అడిగెను. పరీక్షలుండవని, అందఱిని పైతరగతికి పంపుదురని అప్పటికే వదంతి యుండెను; కాగలవని చెప్పితిని. ఆమె ముఖము వికసించెను. నా జీవితమున ఇన్నేండ్లలో నేను ఒక విద్యార్థికి చెప్పిన మంచివార్తలలో అంత సిగ్గుపడవలసినది మఱి యొకటి లేదు. ఆ సెప్టెంబరులో తొమ్మిదవ తరగతికి తొమ్మిది దినములు వచ్చి, ఆమె మానివేసెను. రిజిస్టరులో పేరు చాల కాలము నిలిచెను.

ఒక బాలిక కథను చెప్పి దేశమంతటికి తీర్పు చెప్పుచున్నాడని అందురేమో. అంకెలను చూతము. జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017-18లో లెక్క తీసినపుడు గ్రామములలో నూటికి 15 ఇండ్లకు మాత్రమే ఇంటర్నెట్టు సౌకర్యముండెను. కంప్యూటరు గల ఇండ్లు నూటికి 5 కూడ లేవు. పట్టణములలో సైతము ఇంటర్నెట్టు గలవి నూటికి 42. ఈ లెక్క మహమ్మారికి ముందే ప్రభుత్వము తీసినది, ప్రభుత్వము చేతిలో ఉన్నది. తెలిసియే మనము ఆ దారిని పోయితిమి. 2021 ఆగస్టులో ఆర్థికశాస్త్రవేత్త జీన్ డ్రేజ్ మున్నగువారు 15 రాష్ట్రములలో, కేంద్రపాలిత ప్రాంతములలో పేదయిండ్ల పిల్లలను సుమారు 1,400 మందిని కలిసికొని విచారింపగా, గ్రామములలో క్రమముగా ఆన్‌లైనున చదువుచున్నవారు నూటికి 8 మంది. ఏమియు చదువనివారు నూటికి 37 మంది. ప్రపంచమంతటి స్థితియు ఇంతకంటె గొప్పగా లేదు. బడులు మూసినపుడు కనీసము 46 కోట్లమంది పిల్లలకు దూరవిద్య యే రూపమునను అందలేదని 2020 ఆగస్టులో యూనిసెఫ్ ప్రకటించెను. నూటికి ఎనమండ్రు ఒడ్డెక్కిన తెప్పను చూపి, అందఱును ఏఱు దాటిరని చెప్పుకొనుట ఎట్టి లెక్క?

దీనికి వెంటనే వచ్చు సమాధానము నాకు తెలియును. "అది నాటి మాట. ఇప్పుడు ఇంటింట స్మార్ట్‌ఫోను ఉన్నది. కొఱత తీఱినది గదా?" అందురు. ఫోనులు పెరిగిన మాట నిజమే. అసర్ సర్వే లెక్క ప్రకారము 2018లో గ్రామీణ విద్యార్థుల ఇండ్లలో నూటికి 36 చొప్పున ఉన్న స్మార్ట్‌ఫోనులు 2021 నాటికి 67కు మించెను. కాని అదే సర్వే మఱియొక సంగతిని చెప్పెను. ఫోను గల ఇండ్లలోనే నూటికి 26 మంది పిల్లలకు ఆ ఫోను చదువుకొనుటకు చేతికి అందలేదు. ఇల్లు ఫోనును కొన్నది, బిడ్డకు ఇయ్యలేదు. ఇయ్యగూడదని కాదు. అది తండ్రికి కూలి తెచ్చునది, అన్నకు ఉద్యోగము వెదకిపెట్టునది, ఆ తరువాత మిగిలినచో తమ్మునిది, అందఱికిని చాలినచో ఆడపిల్లది. ఫోనును అంగడిలో కొనవచ్చును. ఆడపిల్లకు ఎవరును పని చెప్పని ఒక గంటను ఏ అంగడిలో కొందుము?

నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇచ్చటనే ఉన్నది. ఆన్‌లైను చదువులోని లోపము తీగలలో గాని, యంత్రములలో గాని లేదు. అవి నేడు కాకున్నను రేపు చక్కబడును. బడి యనగా పాఠము వినబడు చోటని మనమనుకొంటిమి. పాఠము మఱియొక చోట వినబడినచో అదియే బడి యగునని భ్రమించితిమి. బడి యొక్క మొదటి గుణము అది ఇల్లు కాకపోవుటయే. ఇంట ఒక బిడ్డ పెద్దకూతురు, ఒకడు కూలివాని కొడుకు, ఒకతె తాగుబోతు కూతురు, ఒకడు కోటీశ్వరుని మనుమడు. బడి గంట మ్రోగిన క్షణము నుండి సాయంకాలపు గంట వఱకు వారందఱును ఆఱవ తరగతి పిల్లలు. అంతకు మించి మఱేమియు కారు. ఈ మఱపును కలిగించుటయే బడి చేయు మహోపకారము. మన బడులు దీనిని సంపూర్ణముగా చేయుచున్నవని నేననను. బెంచీల మీద కులము ఇంకను కూర్చుండియే యున్నది. ఐనను ఆ బెంచి యొకటి ఉండుటచేతనే దానిపై తగవులాడుటకు వీలైనది. ఎవరి యింట వారు కూర్చున్నప్పుడు ఆ తగవునకే చోటు లేదు.

సంఘసంస్కారమును గూర్చి చదువు గృహములకు ఈ మాట క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిన నాటికి, ఇండ్లకు పోయి ఘోషా స్త్రీలకు అక్షరములు నేర్పు పద్ధతియు దేశములో నుండెను. జనానా విద్య యని దానికి పేరు. చదువు చెప్పుట మాత్రమే కావలసినదైనచో ఆ పద్ధతినే పెంచియుండవచ్చును. లోకనింద యుండదు, పరువు పోదు, పిల్ల గడప దాటదు. అయినను సంస్కర్తలు బడి కావలెననిరి. బాలిక నడివీధిలో పలక పట్టుకొని నడచి పోవుటయే, ఇతరుల బిడ్డల నడుమ కూర్చుండుటయే, సగము విద్య యని వారెఱుగుదురు. నూటయేబది యేండ్లు దూషణములను సహించి, ఆడపిల్లను గడప దాటించితిమి. 2020లో ఒక్క ఉత్తరువుతో బడినే గడప లోపలికి తెచ్చి, ఆమెను మఱల పొయ్యి ప్రక్కన కూర్చుండబెట్టితిమి. దానికి ‘నూతన యుగము’ అని పేరు పెట్టితిమి. నూతనమైనది ఫోను మాత్రమే. ఏర్పాటు పాత జనానా ఏర్పాటే.

ఈ భేదము తెలియగోరువారికి మధ్యాహ్న భోజనమే దృష్టాంతము. బడులు మూసినపుడు వండిన అన్నమునకు బదులు బియ్యమును ఇండ్లకు పంచిరి. అది మంచి పనియే, పంచకున్నచో పస్తులుండెడివారు. కాని ఇంటికి వచ్చిన బియ్యము ఇంటిల్లిపాదిదగును. బడిలో పళ్ళెములో వడ్డించిన అన్నము బిడ్డ కడుపులోనికే పోవును. చదువు సంగతియు ఇంతే. బడిలో చెప్పిన పాఠము బిడ్డది. ఇంటికి పంపిన పాఠము ఇంటి అవసరములన్నియు తీఱిన పిమ్మట మిగిలినచో బిడ్డది.

ఇక కొందఱు పండితులు ఏకలవ్యుని సాక్ష్యమునకు పిలిచిరి. "గురువు ప్రక్కన లేకయే, మట్టిబొమ్మ నెదుట నిలుపుకొని, అతడు అర్జునుని మించిన విలుకాడు కాలేదా? పట్టుదల గల శిష్యునకు తెరమీది గురువు చాలడా?" అని సభలలో చెప్పగా వింటిని. సంస్కృతము చదివి, భారతకథను పిల్లలకు చెప్పి బ్రదుకువాడను గనుక, ఆ కథను ఇట్లు తలక్రిందులు చేయుట చూచి ఊరకుండలేను. ఏకలవ్యుడు ఏకాంతమును కోరి అడవికి పోలేదు. మొదట ద్రోణుని యొద్దకే వచ్చెను. నిషాదుని కొడుకని ద్రోణుడు చేర్చుకొనలేదు. మట్టిబొమ్మ గురువైనది నిజమైన బడి తలుపు మూసినందువలన. అంత కష్టపడి నేర్చిన విద్యకు తుదకు చెల్లించిన మూల్యము కుడిచేతి బొటనవ్రేలు. బడిలో కూర్చున్న రాజకుమారుల వ్రేలిని ఎవరును అడుగలేదు. ఈ కథను తెర చదువునకు స్తుతిగా చెప్పువారు తెలియకయే సత్యమును పలుకుచున్నారు: మట్టిబొమ్మలతో సరిపెట్టుకొనవలసినవారు ఎప్పుడును బయట నిలువబడినవారే. కలవారి బిడ్డలకు గురువు, లేనివారి బిడ్డలకు బొమ్మ.

మఱికొందఱు ఇంతకంటె మర్యాదగా వాదింతురు. గొప్ప ఉపాధ్యాయుని పాఠము మారుమూల గూడెమునకు కూడ చేరునని, అర్థము కానిచో మఱల మఱల వినవచ్చునని, రోగియైన బిడ్డకు, దూరదేశమునందున్న తెలుగుబిడ్డకు ఇది వరమని వారందురు. ఇవి నిజములు, నేను తలయొగ్గుచున్నాను. నేనును ఆంగ్ల ఉచ్చారణమును చూపుటకు తరగతిలో తెరను వాడుచునే యున్నాను. పుస్తకము వచ్చినపుడు వల్లెవేయుటయే చదువనుకొన్నవారు బెదరిరి; వారివలె నేను బెదరుట లేదు. తెర బడిలోనికి వచ్చినచో అది పుస్తకమువంటి పరికరము. తెర వచ్చి బడిని పొమ్మన్నచో అది దొంగ. పరికరమును మెచ్చుకొనుటకు దొంగను లోపలికి రానీయనక్కఱ లేదు.

ఇప్పుడు మన యిండ్ల మాట. ఈ పత్రికను చదువువారిలో పెక్కుమంది ఇండ్లలో బిడ్డకు ఒక గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు అమర్చగలిగితిమి. అయినను జరిగినది మనకు తెలియదా? కెమెరా ఆపి పరుండిన పిల్లవానిని, పాఠము ఒక ప్రక్కను ఆట మఱియొక ప్రక్కను నడపిన పిల్లవానిని, పరీక్షకు తామే సమాధానములందించిన తల్లిదండ్రులను మనము చూడలేదా? సకల సౌకర్యములున్న చోటనే చదువు ఇట్లు కుంటుపడగా, ఏమియు లేని చోట సాగెనని ఎట్లు నమ్మితిమి? నమ్మలేదు. విచారింపలేదు, అంతే. మన యింట గిన్నెలు తోము ఆమె ఆ దినములలో కూతురును వెంటబెట్టుకొని పనికి వచ్చుచుండెను. మన బిడ్డ గదిలో పాఠము వినుచుండగా, ఆ బిడ్డ అదే గది వాకిట తడిగుడ్డ పెట్టెను. ఇద్దఱును ఆఱవ తరగతియే కావచ్చును. మనము ఆమెతో "కాళ్ళకు తడి తగులును, ప్రక్కకు జరుగుమమ్మా" అంటిమే గాని, "నీ కెన్ని గంటలకు పాఠము?" అని అడుగలేదు.

చదువు ఆగలేదన్నచో చదువు చెప్పువాడు ఎట్లు ఆగిపోయెను? ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు వేలకొలదిగా జీతములు కోల్పోయి, కూరగాయలమ్మి, కూలికి పోయి కుటుంబములను పోషించుకొనిరి. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వమే వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చెదమని ప్రకటించెను. కఱవు వచ్చిన చోటనే గంజికేంద్రము తెఱతురు. ఆ బియ్యపు మూటలే చదువు ఆగినదనుటకు ప్రభుత్వము వ్రాసియిచ్చిన సాక్ష్యము.

ఫలము ఎట్టిదో పిమ్మట తేలెను. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము వారు 5 రాష్ట్రములలో 16,000 మందికి పైబడిన ప్రాథమిక విద్యార్థులను పరిశీలించి 2021లో ప్రకటించినదేమనగా: అంతకు ముందు సంవత్సరము తమకు వచ్చిన భాషాసామర్థ్యములలో ఒక్కటియైనను కోల్పోయినవారు నూటికి 92 మంది, గణితమున నూటికి 82 మంది. ఇది నేర్వకపోవుట మాత్రమే కాదు, నేర్చినది పోవుట. అసర్ లెక్క ప్రకారము రెండవ తరగతి వాచకమును చదువగల మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 27 మంది. 2022లో నూటికి 20 మంది. ముందే తక్కువ, అదియు తఱిగెను. ఈ పిల్లలనందఱిని మనము ఏటేట పైతరగతికి పంపితిమి. పునాది లేని గోడపై ఒక్కొక్క వరుస ఇటుక పేర్చుచు పోయితిమి. నాడు ఒకటి, రెండు, మూడు తరగతులలో ఉన్నవారు నేడు ఉన్నత పాఠశాలల బెంచీలకు వచ్చియున్నారు. తన పేరు తప్ప మఱేదియు తడబడక వ్రాయలేని బిడ్డకు నేను పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుచున్నాను. వాడు తల యూపుచున్నాడు. "చూచెను" అని మఱల వ్రాయుచున్నామా యని నాకు భయము.

గడచినదానిని త్రవ్వుట యేల యని అడుగువారికి నా ప్రత్యుత్తరము: గడవలేదు. ఆపద్ధర్మముగా వచ్చిన అలవాటు ఆపద లేనప్పుడును మిగిలినది. 2024 నవంబరులో ఢిల్లీలో గాలి విషతుల్యమైనపుడు బడులు మూసి పాఠములను ఆన్‌లైనుకు మార్చిరి. మధ్యాహ్న భోజనము పోవుచున్నదని, ఆన్‌లైను సౌకర్యము లేని పిల్లలు కలరని, గాలిశుద్ధి యంత్రములు లేని ఇండ్లలో కూర్చున్నవారికి ప్రత్యేకించి మేలేమియు లేదని, బడులు తెఱచుటను ఆలోచింపుడని సర్వోన్నత న్యాయస్థానము చెప్పవలసి వచ్చెను. గాలిని బాగుచేయుట కష్టము. పాఠమును తెరకు త్రిప్పుట సులభము. రేపు ఎండ మిక్కుటమైనచో తెర. గోడ కూలినచో తెర. ఉపాధ్యాయుని నియమింపకున్నచో తెర. తుదకు బడి కట్టకున్నను తెర యున్నది గదా యను దినము వచ్చును. ఈ మార్గము ఎచ్చట ముగియునో ఊహించుటకు జ్యోతిషము అక్కఱలేదు.

కావున నేను కోరునవి ఇవి. మొదటిది: తెరమీద చెప్పిన దినమును బడి జరిగిన దినముగా లెక్కింపగూడదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఏటికి ప్రాథమిక తరగతులకు 200, పైతరగతులకు 220 పనిదినములను నిర్ణయించెను. ఆ చట్టమే బడి యనగా ఏమో చెప్పినది: అన్ని ఋతువులకు తాళు కట్టడము, త్రాగునీరు, బాలురకు బాలికలకు వేఱువేఱు మరుగుదొడ్లు, ఆటస్థలము, గ్రంథాలయము. మన రాజ్యాంగము బిడ్డకిచ్చిన హక్కు ఈ గోడల నడుమ కూర్చుండు హక్కు. ప్రసారమును వినుటకు మాత్రము చట్టమే అక్కఱలేదు. రెండవది: ఇక ముందు ఎట్టి విపత్తు వచ్చినను బడి అందఱికంటె కడపట మూయబడవలెను, అందఱికంటె ముందు తెఱవబడవలెను. 2020లో మద్యపు దుకాణములు మే నెలలో తెఱచి, బడులకు మఱుసటి యేడు చూపిన దేశము మనది. మూడవది: మహమ్మారి కాలపు బిడ్డలకు తరగతి పేరును బట్టి గాక, వచ్చిన చదువును బట్టి, రోజుకొక గంటయైనను విడిగా నేర్పవలెను. ఆ గంటలో ఉపాధ్యాయుని మఱియొక లెక్క వ్రాయుటకు పిలువగూడదు. నాలుగవది గృహస్థులది. మీ యింటికి పనికి వచ్చువారి బిడ్డ ఏ తరగతిలో ఉన్నదో, నిజముగా పోవుచున్నదో లేదో, ఈ వారములో అడుగుడు. పోవుటలేదన్నచో మీ వీధి బడికి మీరే వెంటబెట్టుకొని పొండు. దీనికి ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కఱలేదు.

నా వంతు పని యొకటి మిగిలియున్నది. ఆ సంవత్సరపు పట్టికల నకళ్ళు నా యొద్ద ఇంకను ఉన్నవి. వాటిలో "చూచెను" అని నా చేతివ్రాత. దానిని ఇప్పుడు దిద్దినను ఆ మిరపచేని బాలికకు పోయిన చదువు తిరిగి రాదు. ఐనను తప్పుడు లెక్కను ఒప్పుగా విడిచినచో, రేపు దానినే చూపి మఱియొక బడిని మూయుదురు. కనుక బహిరంగముగా ఇచ్చట వ్రాయుచున్నాను: ఆమె చూడలేదు. నా పట్టికలోని వారిలో సగమునకు పైగా చూడలేదు. చదువు ఆగినది. ఆగినదని ఒప్పుకొన్న నాడే దానిని మఱల సాగించుటకు మనకు అధికారము కలుగును.